వీడియో మిగిలింది, తారీఖ్ పోయింది

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ. తారీఖ్ అంటే చరిత్ర కూడా. రెండింటికీ ఒకే లఫ్జ్ ఎందుకుందో, మా ఖాందాన్ వీడియోలన్నీ ఒకచోట చేర్చడానికి కూర్చున్నాక నాకు బాగా అర్థమైంది.

మనలో చాలా ఇళ్లకు వీడియో కెమెరా గల్ఫ్ కమాయీతోనే వచ్చింది. దుబాయి నుంచో జిద్దా నుంచో చిచ్చా సెలవులకొస్తూ తెచ్చేవాడు. వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లో తేదీకి విడిగా చోటు లేదు. బటన్ నొక్కితే బొమ్మ మీదే ఓ మూలన అంకెలు పడేవి, దుల్హన్ ఘూంఘట్ మీద పడినా సరే. చూడ్డానికి బద్‌సూరత్‌గా ఉండేది గానీ ఎన్ని నకళ్లు తీసినా ఆ అంకెలు బొమ్మతోపాటే వచ్చేవి.

1995లో మినీడీవీ వచ్చింది. తేదీ, టైము బొమ్మ మీద కాక టేపులోనే ఫ్రేము ఫ్రేముకీ డేటాగా నమోదయ్యేవి. ఫైర్‌వైర్ తీగతో కంప్యూటర్‌లోకి దించితే అవీ దిగేవి. ఆ ఫైలును ఎడిటింగ్ కోసమో డీవీడీ కోసమో ఇంకో ఫార్మాట్‌లోకి మార్చినప్పుడే చిక్కు. దాన్నే ట్రాన్స్‌కోడింగ్ అంటారు. బొమ్మా, ఆవాజూ అవతలికి దాటేవి, తేదీ మామూలుగా ఇవతలే ఉండిపోయేది.

సినిమావాళ్లకు ఇలా ఎందుకు కాలేదు? ఫిల్ము రోజుల్లో నెగెటివ్ అంచున నంబర్లుండేవి. ఎడిటర్ పాజిటివ్ ప్రింటు మీద కత్తెర వేస్తే, ఆ నంబర్లు చూసి అసలీ నెగెటివ్‌ను కోసేవారు. 1990లో కోడక్ వాటికి బార్‌కోడ్ కూడా జోడించి కీకోడ్ అంది. వీడియోలో అదే పని టైమ్‌కోడ్ చేసింది: గంట, నిమిషం, సెకను, ఫ్రేము. తక్కువ నాణ్యత నకలుతో ఎడిట్ చేసి, చివర్లో అసలు టేపు దగ్గరికి తిరిగి వెళ్లడానికి దారి అదే. అది పోతే మెహనత్ అంతా బర్బాద్. అందుకే దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నారు. కానీ టైమ్‌కోడ్‌కు ఏ ఏడాదో, ఏ రోజో అక్కర్లేదు. ధందాకు కావలసిన గుర్తు బతికింది, ఇళ్లకు కావలసిన గుర్తును అడిగిన నాథుడు లేడని నా ఖయాల్.

మా ఇంటి టేపులు ఒక స్టూడియోలో ఎంపీ4 చేయించారు. అన్ని ఫైళ్లకూ మార్చిన రోజు తేదీయే ఉంది. ఒకదాంట్లో మా దాదీ పిల్లలకు ఈదీ పంచుతోంది. అదే ఆమె ఆఖరి ఈద్ అని అమ్మీ అంటుంది, కాదు దానికి రెండేళ్ల ముందుదని ఫుప్పూ. టేపు ఉంటే క్షణంలో తేలిపోయేది. స్టూడియో నుంచి అది తిరిగి రాలేదు.

ఎంపీ4లో తేదీకి చోటుంది, కాకపోతే దాని హిసాబ్ వేరు. లెక్క 1904 జనవరి 1 నుంచి మొదలు. గడి ఖాళీగా ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ తేదీయే చూపిస్తాయి, మన పర్‌దాదా షాదీ కూడా అప్పటికి అయ్యుండదు! పైగా నిబంధన ప్రకారం అందులో ఉండాల్సింది గ్రీనిచ్ సమయం. ఈద్ రోజు ఫజర్‌కు ముందు 5 గంటలకు ఫోనులో తీసింది, ఆ గడిలో ముందురోజు రాత్రి 11:30గా ఉంటుంది.

2000లో ఫాబ్రిస్ బెల్లార్ మొదలుపెట్టిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో మార్చేవారు, మెటాడేటా నకలు చేయమని మ్యాప్_మెటాడేటా 0 అని విడిగా రాయాలి. మీరు చెప్పకపోతే అది తీసిన తేదీని వదిలేస్తుంది. మార్చాక రెండు ఫైళ్ల తేదీలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇంట్లో మినీడీవీ టేపులుంటే, వాటిని ఆడించే కెమెరాలు ఇంకా పనిచేస్తున్నప్పుడే ఫైర్‌వైర్‌తో డీవీ ఫైలుగానే దించమనండి. గంటకు దాదాపు 13 జీబీ పడుతుంది, పడనీయండి. ఎంపీ4 తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. టేపులు మాత్రం లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి.