ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి కళాశాలలలో విద్యార్థి జీవితము

మన దేశమున కళాశాల యనగానే పాఠములు చెప్పు భవనము మనస్సునకు తోచును. ఉదయము పోవుట, పాఠములు వినుట, సాయంకాలము ఇల్లు చేరుట మనకు అలవాటైన దినచర్య. 1857లో స్థాపింపబడిన మద్రాసు విశ్వవిద్యాలయము లండను విశ్వవిద్యాలయమును ఆదర్శముగా గైకొనినది. బోధన కళాశాలల పని. పరీక్షించి పట్టమిచ్చుట విశ్వవిద్యాలయపు పని. తరువాత ఏర్పడిన మన విశ్వవిద్యాలయములు పెక్కు ఈ మార్గముననే నడచినవి. కనుక మన ఇంటి బిడ్డ ఆక్స్‌ఫర్డునకో, కేంబ్రిడ్జికో చదువునకై ప్రయాణమైనప్పుడు, అచ్చట తనకు ఎదురు కానున్న జీవితము ఎట్టిదో సులభముగా ఊహింపజాలదు. రైలు దిగి, విశ్వవిద్యాలయ మెక్కడనని అడిగినచో ఏ ఒక్క భవనమును ఎవరును చూపలేరు. చేరవలసినది ఒక కళాశాల. అచ్చట కళాశాల యనగా బడి మాత్రమే కాదు, ఇల్లు.

ఆ ఇంటికి ఒక పెద్ద ద్వారము, ద్వారము ప్రక్కనే ద్వారపాలకుని గది. లోపల నలుచదరపు ముంగిలి. దాని నడుమ పచ్చిక. చుట్టును విద్యార్థుల గదులు, భోజనశాల, ప్రార్థనామందిరము, గ్రంథాలయము. మన పాత మండువా ఇండ్లను ఎరిగినవారికి ఈ కట్టడపు పోకడ కొంత సులభముగా బోధపడును. ఇల్లంతయు లోపలికి చూచుచుండును. వీథికి మాత్రము గోడ. ఆ గోడ ఎందులకు లేచినదో తెలిసికొన్నచో అచ్చటి విద్యార్థి జీవితము సగము అర్థమైనట్లే.

ఆక్స్‌ఫర్డులో పండ్రెండవ శతాబ్దము నాటికే విద్యాబోధన జరుగుచుండెను. 1167 ప్రాంతమున రెండవ హెన్రీ రాజు ఆంగ్లేయ విద్యార్థులు పారిసునకు పోగూడదని నిషేధించుటతో ఇచ్చట విద్యార్థుల సంఖ్య పెరిగెను. నాడు కళాశాలలు లేవు. పదునాలుగు, పదునైదేండ్ల బాలురు సైతము ఊరిలో అద్దె గదులలో కాలము గడపుచుండిరి. అద్దెల విషయమునను, ఆహారపు ధరల విషయమునను పౌరులకును వారికిని నిత్యము తగవులే. 1209లో ఒక స్త్రీ హత్యను పురస్కరించుకొని చెలరేగిన కలహమున పౌరులు కొందరు విద్యార్థులను ఉరితీసిరి. భయపడి పారిపోయినవారిలో కొందరు కేంబ్రిడ్జి చేరి అచ్చట విద్యాపీఠమునకు పునాది వేసిరి. 1355 ఫిబ్రవరి 10వ తేదీన ఆక్స్‌ఫర్డులోని ఒక మద్యశాలలో ద్రాక్షాసారము బాగుండలేదను మాటతో మొదలైన జగడము పెద్ద అల్లరిగా మారెను. 63 మంది విద్యార్థులు హతులైరని సంప్రదాయము. ఆ పాపమునకు ప్రాయశ్చిత్తముగా ఊరి మేయరు ఏటేట ప్రార్థనకు హాజరై 63 పెన్నీలు చెల్లించు ఆచారము 1825 వరకు సాగెను. 1955లో ఉభయులును లాంఛనముగా సఖ్యపడిరి. విశ్వవిద్యాలయము మేయరునకు గౌరవ పట్టమొసగగా, నగరము వైస్ ఛాన్సలరును గౌరవ పౌరునిగా చేసికొనినది.

ఇట్టి రోజులలో పేద విద్యార్థికి తల దాచుకొన చోటు, కడుపునకు అన్నము కల్పింపదలచి ధర్మాత్ములు కళాశాలలు నెలకొల్పిరి. వాల్టర్ డి మెర్టన్ 1264లో తన పేరిట ఒక కళాశాల స్థాపించి, దానికి భూములను, నియమావళిని ఒసగెను. కేంబ్రిడ్జిలో ఈలీ బిషప్పు హ్యూ డి బాల్షమ్ 1284లో పీటర్‌హౌస్ నెలకొల్పెను. 1379లో విలియమ్ ఆఫ్ వైకమ్ స్థాపించిన న్యూ కాలేజీలో పెద్ద విద్యార్థులు పిన్నలకు చదువు చెప్పు ఏర్పాటు జరిగెను. నేటి బోధనాపద్ధతికి బీజము ఇందులో కానవచ్చును. అనగా గోడ మొదట లేచినది రక్షణ కొరకు. లోపలి వారు ఒక కుటుంబముగా బ్రదుకుట కొరకు.

అయినను కుటుంబములోను అంతరములు ఉండెను. ఐజాక్ న్యూటన్ 1661లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరినప్పుడు సబ్‌సైజరు అను తరగతిలో చేరెను. అట్టివారు ఇతరులకు పరిచర్య చేసి తమ చదువు ఖర్చు తగ్గించుకొనవలెను. వారములు చేసికొని చదువుకొన్న మన పూర్వుల కష్టము దీనికి దూరము కాదు. లోకమునకు గురుత్వాకర్షణ సూత్రము చెప్పిన మహనీయుడు ఆ ఇంట మొదట పరిచారకునిగానే అడుగు పెట్టెను.

గోడకు వెలుపల నిలిచినవారి కథ మరింత దీర్ఘమైనది. ఆంగ్ల మత శాసనములకు సమ్మతి తెలుపని వారిని ఆక్స్‌ఫర్డు 1581 నుండి చేర్చుకొనలేదు. 1854లో ఈ నిర్బంధము కొంత సడలి, 1871 నాటి చట్టముతో చాలవరకు తొలగెను. స్త్రీలకు 1869లో గిర్టన్, 1871లో న్యూన్‌హామ్ కేంబ్రిడ్జి పక్షమునను, 1879లో లేడీ మార్గరెట్ హాల్, సోమర్‌విల్ ఆక్స్‌ఫర్డు పక్షమునను వెలసెను. అందు చదివి పరీక్షలు వ్రాసినను వారికి పట్టములు లేవు. పూనా నుండి వెళ్లిన కార్నీలియా సోరాబ్జీ 1889లో సోమర్‌విల్ చేరి, 1892లో న్యాయశాస్త్ర పరీక్ష వ్రాసెను. ఆమె పట్టము పొందినది 1922లో! ఆక్స్‌ఫర్డు 1920లో స్త్రీలకు పట్టములు ప్రారంభింపగా, కేంబ్రిడ్జి 1948 వరకు పూర్ణహక్కు ఈయలేదు. పురుషుల కళాశాలలు స్త్రీలకు తలుపులు తెరచుట కేంబ్రిడ్జిలో 1972లోను, ఆక్స్‌ఫర్డులో 1974లోను ఆరంభమాయెను. ముప్పది ఏండ్ల నిరీక్షణకు ఓర్చిన ఒక్క భారతీయ మహిళ ఓపిక తలచుకొన్నచో, నేడు ఆ ద్వారము దాటు ప్రతి బాలికయు ఎవరి ఋణము మోయుచున్నదో తెలియును.

ఇక నేడు క్రొత్తగా చేరువారి దినచర్య ఎట్టిది? విద్యాసంవత్సరమునకు మూడు భాగములు. ఒక్కొక్క భాగమున బోధన ఎనిమిది వారములే. మొత్తము ఇరువదినాలుగు వారములు. ఇంత తక్కువా యని సంతోషింపరాదు. ఆ ఎనిమిది వారములును ఊపిరి సలుపనివి; సెలవులును చదువుకొరకే. ఉపన్యాసములు విశ్వవిద్యాలయము ఏర్పరచును. అసలు పరీక్ష గురువు గదిలో ప్రతి వారమును జరుగును. ఆక్స్‌ఫర్డులో దీనిని ట్యుటోరియల్ అనియు, కేంబ్రిడ్జిలో సూపర్‌విజన్ అనియు అందురు. ఒకరో, ఇద్దరో, ముగ్గురో విద్యార్థులు తాము వ్రాసిన వ్యాసముతో గురువు ఎదుట కూర్చుందురు. "ఈ మాట ఎట్లు చెప్పితివి? దీనికి ఆధారమేమి?" అని ఆయన అడుగును. వందమందిలో కలిసిపోయి తప్పించుకొను వీలు లేదు. వల్లె వేసిన పాఠము అచ్చట అక్కరకు రాదు. మొదటి వారములలో పెక్కుమంది బెదరుదురు. తమకు తప్ప అందరికిని అన్నియు తెలిసినట్లు తోచును. ఆ బెదురు ప్రక్క గదివానికిని కలదని తెలిసికొనుటకు ఒక్క భోజనవేళ చాలును.

ఆచారములకు కొదువ లేదు. విశ్వవిద్యాలయములో చేరు ఉత్సవమునకు, అనేక కళాశాలలలో ప్రత్యేక భోజనములకు నల్లని గౌను ధరింతురు. క్రైస్ట్ చర్చ్ కళాశాలలోని పెద్ద గంట రాత్రి 9 గంటల 5 నిమిషములకు 101 మార్లు మ్రోగును. తొలినాటి నూరుమంది విద్యార్థులకును, పిదప చేర్చిన మరియొకరికిని అది గుర్తు. ఆక్స్‌ఫర్డు స్థానిక కాలము గ్రీనిచ్ కాలమునకు 5 నిమిషములు వెనుక గనుక ఆ వేళ పాత లెక్క ప్రకారము సరిగా తొమ్మిది. పూర్వము రాత్రి తలుపులు మూసిన పిదప వచ్చినవారు గోడ లెక్కి లోపలికి దూకుచుండిరి. 1970లో వయోజన పరిమితి ఇరువదియొకటి నుండి పదునెనిమిది ఏండ్లకు దిగుటతో తలిదండ్రుల స్థానమున కళాశాల చూపిన అధికారము సన్నగిల్లెను.

మన తెలుగువారికి ఈ ఇండ్లు పరాయివి కావు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ప్రథమ వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చదివినవారు. అదే పదవిని 1931 నుండి 1936 వరకు అలంకరించిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు పిదప ఆక్స్‌ఫర్డులో ప్రాచ్యమతముల ఆచార్యులై, ఆల్ సోల్స్ కళాశాల సభ్యులైరి. ఒకరు శిష్యులుగా, ఒకరు గురువుగా ఆ ద్వారము దాటిరి.

కనుక బిడ్డను పంపు తలిదండ్రులు దిగులు చెందనక్కరలేదు. మిక్కిలి నిశ్చింతయు తగదు. ఆ ఇంట అన్నము పెట్టువారు, పేరు పెట్టి పిలుచువారు ఉందురు. కాని వారము వారము తన మాటకు తానే జవాబు చెప్పుకొనవలెను. ఏడు శతాబ్దములకు పైగా ఆ గోడలు కాపాడుకొని వచ్చిన విద్య అదియే. ఆ గోడలోని తలుపును ఎవరి కెంత తెరచుట యనునది మాత్రము ప్రతి తరమును మరల తేల్చుకొనవలసిన ప్రశ్న.