వేరియబుల్ గెయిన్ ఆంప్లిఫయర్

వేరియబుల్ గెయిన్ ఆంప్లిఫయర్ అనగా నియంత్రణ వోల్టేజిని అనుసరించి తన వర్ధనాన్ని (సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ నిష్పత్తిని) మార్చుకొనే ఎలక్ట్రానిక్ వలయం. బలహీన సంకేతాన్ని ఎక్కువగాను, బలమైన సంకేతాన్ని తక్కువగాను పెంచి, తరువాతి దశకు దాదాపు ఒకే స్థాయిలో అందించడం దీని పని. రేడియోలు, సెల్‌ఫోన్లు, అల్ట్రాసౌండ్ స్కానర్లలో దీనిని వాడతారు.

ఆవశ్యకత

మెత్తని కణజాలంలో అల్ట్రాసౌండ్ తరంగం సెంటీమీటరుకు, మెగాహెర్ట్జ్‌కు సుమారు 0.5 డెసిబెల్ చొప్పున క్షీణిస్తుంది. 5 మెగాహెర్ట్జ్ తరంగం 10 సెంటీమీటర్ల లోతుకు పోయి తిరిగి వచ్చేసరికి 50 డెసిబెల్, అనగా వోల్టేజిలో 300 రెట్లకు పైగా తగ్గుతుంది. కనుక ప్రతిధ్వని ఆలస్యమైన కొద్దీ వర్ధనం డెసిబెల్‌లలో సమంగా పెరుగుతూ పోవాలి. లేనిచో లోతున ఉన్న అవయవాలు తెరపై కనిపించవు.

రేఖీయత, విద్యుత్తు వినియోగం

వర్ధనం మారినా సంకేతపు ఆకారం మారకూడదు. ఈ గుణమే రేఖీయత. ట్రాన్సిస్టరు స్వభావరీత్యా రేఖీయం కాదు. 100, 101 మెగాహెర్ట్జ్ సంకేతాలు కలసి వచ్చినపుడు అది 99, 102 మెగాహెర్ట్జ్ వద్ద లేని సంకేతాలను పుట్టిస్తుంది. అసలు సంకేతాలు 1 డెసిబెల్ పెరిగితే ఇవి 3 డెసిబెల్ పెరుగుతాయి.

ట్రాన్సిస్టరు ఎమిటరు వద్ద నిరోధకాన్ని చేర్చితే రేఖీయత మెరుగుపడుతుంది. కాని వర్ధనం తగ్గి, రొద పెరుగుతుంది. ఆ లోటు పూడ్చడానికి ఎక్కువ విద్యుత్ప్రవాహం కావాలి. 128 మార్గాలు గల స్కానరులో ఒక్కొక్క మార్గం 100 మిల్లీవాట్లు తీసుకొంటే మొత్తం 12.8 వాట్లు అవుతుంది. బ్యాటరీతో నడిచే పరికరానికి ఇది పెద్ద భారం.

నిర్మాణ పద్ధతులు

* గిల్బర్ట్ వలయం: టెక్ట్రానిక్స్ సంస్థలో పనిచేసిన బారీ గిల్బర్ట్ (1937–2020) 1968లో ప్రచురించిన గుణక వలయం. ఇందులో ట్రాన్సిస్టరు జంటలు ప్రవాహాన్ని పంచుకొనే నిష్పత్తిని మార్చి వర్ధనాన్ని మారుస్తారు.
* ఎక్స్-ఆంప్: గిల్బర్ట్ తరువాత అనలాగ్ డివైసెస్ సంస్థలో రూపొందించిన పద్ధతి. స్థిర వర్ధనం గల ఆంప్లిఫయరు ముందు నిరోధకాల నిచ్చెన ఉంటుంది. ఏడీ600 చిప్‌లో మెట్టుకు 6.02 డెసిబెల్ చొప్పున 7 మెట్లకు 42.14 డెసిబెల్ తగ్గుతుంది. బలమైన సంకేతాన్ని నిరోధకాలే ముందుగా తగ్గించడం వలన ట్రాన్సిస్టర్లకు వక్రీకరణ బెడద తగ్గుతుంది.
* సీమాస్ వలయాలు: సాధారణ వాడుకలో మాస్ ట్రాన్సిస్టరు ప్రవాహం నియంత్రణ వోల్టేజితో ఘాతీయంగా పెరగదు. అందుచేత ఒక ప్రవాహాన్ని పెంచుతూ, మరొకదానిని అంతే తగ్గిస్తూ, వాటి నిష్పత్తిని వాడతారు. ఆ నిష్పత్తి కొంత మేరకు ఘాతీయ ఫలాన్ని పోలి ఉంటుంది. ఆ మేర దాటితే దోషం పెరుగుతుంది కనుక, ఎక్కువ వ్యాప్తి కావలసినపుడు రెండు మూడు దశలను వరుసగా కలుపుతారు. దానితో విద్యుత్తు ఖర్చు కూడా పెరుగుతుంది.