పంచదార చెప్పే చరిత్ర

మన సభ్యులు నలుగురు కూడితే "ఆ రోజుల్లో అన్నీ చవకే" అనే మాట రాక మానదు. నేనూ అన్నవాణ్ణే. కాని పంచదార సంగతి గుర్తుకొస్తే ఆ మాట సగమే నిజమనిపిస్తుంది.

1977లో మనకు వినోదమంటే రేడియో, సినిమా. ‘అడవి రాముడు’ వచ్చిన ఏడాది అది. 1978 జనవరి 16న వెయ్యి, ఐదువేలు, పదివేల నోట్లు రద్దయితే ఆఫీసులో నవ్వుకున్నాం. మాలో వెయ్యి నోటు కళ్లజూసినవారెవరు గనుక? మా లెక్కలన్నీ నెల సరుకుల దగ్గరే.

పంచదారకు అప్పుడు రెండు ధరలు: కార్డు మీద ఒకటి, బజారులో ఒకటి. 1977-78లో దేశంలో సుమారు 65 లక్షల టన్నులు తయారైంది. 1978 ఆగస్టులో జనతా ప్రభుత్వం కంట్రోలు ఎత్తివేసింది. బజారు ధర దిగింది, మా కాఫీలో తీపి పెరిగింది. మరుసటి ఏడు కరువు. 1979-80లో ఉత్పత్తి 39 లక్షల టన్నులకు పడిపోయి ధర మండిపోయింది. 1979 డిసెంబరులో కంట్రోలు మళ్లీ వచ్చింది. మేము మళ్లీ కార్డు, సంచి పట్టుకొని క్యూలో నిలబడ్డాం.

ఆ చలికాలమంతా మా అమ్మ "తీపి సహించడం లేదురా" అంటూ పంచదార వెయ్యని కాఫీ తాగింది. నేను నమ్మాను. సరుకు తేలిగ్గా దొరికే రోజులు వచ్చాక ఆవిడ రెండు చెంచాలు వేసుకుంటుంటే గాని అసలు సంగతి తెలియలేదు.

మనవలకు ఆనాటి ధరలు చెప్పేటప్పుడు, ఆ ధరకు సరుకు దొరికిందా, ఇంట్లో ఎవరు మానుకున్నారు అన్నది కూడా చెబుదాం.