తేనెపట్టు, తుఫాను

2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టు బ్లేయరులో డైరీ ఫార్మ్ అను పేట కలదు. అడవి పోయి పశువుల మేత వచ్చిన కథ ఆ పేరులోనే వినబడును. 1858లో ఆంగ్లేయులు ఖైదీల వలస నెలకొల్పిన పిమ్మట దక్షిణ అండమానులో నరకుడు సాగెను.

అంతకుముందు ఆ నేల ఆకా-బియా జాతివారిది. ఏ చెట్టు పూచిన కాలమునకు ఆ చెట్టు పేరే వారు పెట్టుకొనిరి. పూవుతోపాటు తేనె రుచియు మారెడిది. మైనము కరగించినచో పులుగ దేవుడు కోపించి తుఫాను పంపునని వారి నమ్మిక. దీనిని ఇ. హెచ్. మాన్ 1883లో ప్రకటించెను. 1906–08లో అచట పరిశోధించిన రాడ్‌క్లిఫ్ బ్రౌనును నమోదు చేసెను. మూఢత్వమని నవ్వుట సులభమే. కాని తేనెలు సమృద్ధిగా దొరకునది ఎండకాలము. అది ముగియు మే నెలలోనే నైరుతి ఋతుపవనము విరుచుకొనిపడును. ఎడతెగని వానలో ఈగ మేతకు పోలేదు. కొమ్మ విరిగినచో పట్టును పోవును. మైనము, గాలివాన ఒకదాని వెంట ఒకటి వచ్చుట వారు ఏటేట చూచినదే.

1931 నాటికి ఆకా-బియాలు అంతరించిరి. లిటిల్ అండమానులోని ఓంగీలు ఏలకుల జాతి మొక్కను నమిలి, ఆ రసమును ఒంటికి పూసికొని, ఈగలపై ఉమిసి, పొగ లేకయే పెద్దతేనె తీయుటను 1980లలో శాస్త్రజ్ఞులు వర్ణించిరి.