నర్సింగు పీహెచ్.డి. అర్హతలు: మంత్రసాని నుంచి యూనివర్సిటీ గేటు దాకా

నర్సింగులో పీహెచ్.డి. చెయ్యాలంటే ఏం కావాలో ఏ యూనివర్సిటీ నోటిఫికేషన్ తీసినా నాలుగైదు వరుసల్లో ఐపోతుంది. ఎమ్మెస్సీ నర్సింగు పాసై ఉండాలి. అందులో కనీసం 55 శాతం మార్కులుండాలి. రాష్ట్ర కౌన్సిల్లో నర్సుగా, మిడ్‌వైఫ్‌గా పేరు నమోదై ఉండాలి. ప్రవేశ పరీక్ష, ఆ పైన ఇంటర్వ్యూ. రిజర్వేషన్ల పేరా ఒక్కటి తీసేస్తే వీటిల్లో ఎక్కడా కులం మాట కనపడదు. అందుకే వీటిని ప్రతిభని కొలిచే గజంబద్దలని అందరూ అనుకుంటారు.

మేం అలా అనుకోవడం లేదు. అర్హతల జాబితా కూడా ఒక చరిత్ర పత్రమే. ఎవరి చేతుల్లో ఉన్న పని ఎవరి చేతుల్లో ఉన్న చదువుగా మారింది, ఆ మారే దారిలో ఎవరు కింది మెట్టు దగ్గరే ఆగిపోయారు అనే కథ ఆ నాలుగైదు వరుసల వెనక ఉంది. దళిత స్త్రీల చరిత్ర రాసేటప్పుడు భూమిని, కూలిని, వెట్టిని, దాడుల్ని మనం చూస్తున్నాం. చూడాల్సిందే. కానీ మన తల్లులు, మేనత్తలు వేలమంది పనిచేసిన ఆసుపత్రి వార్డుని మాత్రం చరిత్రగా ఇంకా సరిగ్గా చదవలేదు.

పురిటి గదిలో అంటు

తెలుగు పల్లెల్లో కాన్పు చేసింది మంత్రసాని. ఆమె ఎక్కువగా మంగలి స్త్రీ. చాలాచోట్ల మాల, మాదిగ, చాకలి స్త్రీలు కూడా ఈ పని చేశారు. బొడ్డు కోసింది, మాయ తీసింది, నెత్తురు గుడ్డలు ముట్టుకుంది వాళ్ళే. పురుడు మైల. ఆ మైల తాకే పని కిందికులాల ఆడవాళ్ళకి అప్పజెప్పి, తాకినందుకు మళ్ళీ వాళ్ళనే అంటరానివాళ్ళన్నారు. బిడ్డ అడ్డం తిరిగితే ఏం చెయ్యాలో, మాయ పడకపోతే ఏం చెయ్యాలో ఆమెకి తరాలుగా తెలిసిన విద్య. మన సమాజం దాన్ని విద్య అనలేదు, కులవృత్తి అంది. వైద్యుడి విద్యకి శాస్త్రమనే పేరుంది. మంత్రసాని విద్యకి దక్కింది చేటలో పోసిన గింజలు, ఒక పాత చీర.

బ్రిటిష్ ప్రభుత్వం ఈ పనిని కొత్త చదువుగా మార్చడం మొదలుపెట్టింది. 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సింగు శిక్షణ మొదలైంది. 1885లో స్త్రీల వైద్యం కోసం లేడీ డఫరిన్ ఫండ్ వచ్చింది. 1903లో మంత్రసానులకి శిక్షణ ఇవ్వడానికి లేడీ కర్జన్ పూనికతో విక్టోరియా మెమోరియల్ స్కాలర్‌షిప్స్ ఫండ్ ఏర్పడింది. ఆనాటి దొరలూ దొరసానులూ, మన సంస్కర్తలూ మంత్రసానిని మురికిదని, మూఢురాలని తిట్టిపోశారు. బాలింతల చావులకి ఆమెనే దోషిని చేశారు. ఆమెకి సబ్బు, కత్తెర, అక్షరం అందకుండా చేసిన కుల వ్యవస్థ జోలికి మాత్రం పోలేదు. పని అవసరం, పనిమనిషి అంటు. ఈ రెండు మాటలూ ఆధునిక నర్సింగులోకి కూడా నడిచొచ్చాయి.

మిషను ఆసుపత్రి ఇచ్చింది, ఆపింది

పరాయి మనిషి ఒంటిని, అందులోనూ పరాయి మగవాడి ఒంటిని ముట్టుకునే పనికి అగ్రకులాలు తమ ఆడపిల్లల్ని పంపలేదు. మలమూత్రాలు, చీము, నెత్తురు వాళ్ళకి పనికిరాలేదు. ఆ ఖాళీలోకి వచ్చినవాళ్ళలో క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగ కుటుంబాల ఆడపిల్లలు ముందున్నారు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. ఆ కదలికకి బాట వేసింది యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. గుంటూరు జిల్లాలో లూథరన్ మిషను మాలపల్లెల్లోకి వెళ్ళింది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ స్త్రీల ఆసుపత్రి తెరిచింది. నిజాం ఇలాకాలో డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి 1915 ప్రాంతంలో మొదలైంది. బడి, బోర్డింగు, ఆసుపత్రి ఒకే కాంపౌండులో ఉండటం వల్ల వాడలోంచి బోర్డింగుకి వచ్చిన పిల్ల వార్డు దాకా రాగలిగింది.

దీన్ని మిషనరీల దయగా రాసే చరిత్ర ఉంది. మత మార్పిడి కుట్రగా రాసే చరిత్రా ఉంది. రెండింటిలోనూ ఆ ఆడపిల్ల కనపడదు. ఆమెకి నెల జీతం వచ్చింది. తెల్లబట్టలు వచ్చాయి. ఊళ్ళో బావి ముట్టనివ్వని మనిషి ఆసుపత్రి మంచం మీద ఆమె చేతి మందు తాగాల్సి వచ్చింది. 'ఏమే' అన్న నోరు 'నర్సమ్మా' అనక తప్పలేదు. ఇది చిన్న మార్పు కాదు.

ఐతే ఆ కాంపౌండులోనూ నిచ్చెన ఉంది. పైన తెల్ల సిస్టరు, చదువు చెప్పేది ఆమె, ఇంగ్లీషులో పుస్తకం ఆమెది. కింద మన పిల్లలు, చేసేది వాళ్ళు. చెయ్యి ఒకరిది, నోరు ఇంకొకరిది. నర్సింగులో దళిత స్త్రీలకి వార్డు తొందరగా దొరికింది, క్లాసురూములో కుర్చీ దొరకలేదు. డాక్టరేటు చర్చ మొదలు కావాల్సింది ఇక్కడినుంచే.

మెట్టు మీద మెట్టు

1926లో మద్రాసు రాష్ట్రంలో నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. రిజిస్టరులో పేరుంటేనే నర్సు. దాంతో దొంగ నర్సుల బెడద తగ్గింది, మంచిదే. కానీ పుస్తకం చదవని మంత్రసాని అదే కలం పోటుతో చట్టం బయట పడింది. ఇవాళ పీహెచ్.డి. నోటిఫికేషన్లో కనిపించే 'రిజిస్టర్డ్ నర్స్ అండ్ మిడ్‌వైఫ్' అన్న షరతుకి మూలం ఆ కాలంలో ఉంది.

1946లో భోర్ కమిటీ రిపోర్టు ఇచ్చేనాటికి దేశం మొత్తానికి ఉన్న నర్సులు సుమారు 7,000. అంటే 43,000 మంది జనానికి ఒక నర్సు. డాక్టర్లు 6,300 మందికి ఒకరు. ఆ కమిటీ నర్సుల్ని పెంచమంది, డిగ్రీ చదువు కావాలంది. దాంతోపాటు మిడిల్ స్కూలు చదివినవాళ్ళకి జూనియర్ గ్రేడు, మెట్రిక్ చదివినవాళ్ళకి సీనియర్ గ్రేడు అని రెండు తరగతులు సూచించింది. మెట్రిక్ దాకా చదివే ఆడపిల్లలు 1946లో ఏ కులాల్లో ఉన్నారో చెప్పనక్కరలేదు. అదే సంవత్సరం ఢిల్లీలోనూ వెల్లూరులోనూ బీఎస్సీ నర్సింగు మొదలైంది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. 1950ల మొదట్లో పల్లెల కోసం ఏఎన్ఎం కోర్సు పెట్టారు. 1959లో ఢిల్లీలో మాస్టర్స్, 1986లో ఎంఫిల్ వచ్చాయి. ఢిల్లీ యూనివర్సిటీలో నర్సింగు పీహెచ్.డి. 1992లో మొదలైంది.

మద్రాసులో మొదటి శిక్షణకీ, ఢిల్లీ డాక్టరేటుకీ మధ్య 121 ఏళ్ళు. ఇంతకాలం ఎందుకు పట్టింది? నర్సింగు డాక్టరు చెప్పింది చేసే పని తప్ప తనకంటూ జ్ఞానం ఉన్న విద్య కాదన్న అభిప్రాయం ఒక కారణం. అది ఆడవాళ్ళ పని కావడం ఇంకో కారణం. అది మైల ముట్టే పని కావడం మూడోది. ఈ మూడో కారణాన్ని నర్సింగు చరిత్ర పుస్తకాలు దాదాపుగా దాటేస్తాయి. నైటింగేలు దీపం దగ్గర మొదలై కౌన్సిల్ చట్టం దగ్గర ముగిసే పాఠంలో మంత్రసానికి చోటు లేదు.

షరతుల్ని విప్పి చూస్తే

పీహెచ్.డి.కి ఎమ్మెస్సీ కావాలి. ఎమ్మెస్సీకి కౌన్సిల్ నిబంధన ప్రకారం బీఎస్సీలో 55 శాతం, ఒక ఏడాది పని అనుభవం కావాలి. బీఎస్సీకి ఇంటర్మీడియట్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి. అంటే డాక్టరేటు గేటు నిజానికి పదో తరగతి పాసైన రోజునే మూసుకుంటుంది. లాబు లేని గవర్నమెంటు కాలేజీలో, సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండి ఆర్ట్స్ గ్రూపు తీసుకున్న పిల్లకి మిగిలేది ఏఎన్ఎం లేదా జీఎన్ఎం.

అక్కణ్ణుంచి కూడా దారి లేకపోలేదు. లెక్క వేద్దాం. ఏఎన్ఎం రెండేళ్ళు, జీఎన్ఎం మూడేళ్ళు, పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్ళు, ఎమ్మెస్సీ రెండేళ్ళు, పీహెచ్.డి. తక్కువలో తక్కువ మూడేళ్ళు. మొత్తం 12 ఏళ్ళ చదువు. మధ్యలో ఇల్లు గడవడానికి చేసే ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు ఈ లెక్కలో లేవు. సైన్సు చదివి నేరుగా బీఎస్సీలో చేరినామె నాలుగు, రెండు, మూడు కలిపి 9 ఏళ్ళ చదువులో, అనుభవం ఏడాది కలిపితే 10 ఏళ్ళలో చేరుతుంది. కింది మెట్టు నుంచి ఎక్కినామెకి రోగి గురించి ఎక్కువ తెలుసు. నోటిఫికేషన్ ఆ తెలివికి మార్కులు వెయ్యదు.

55 శాతం సంగతి. యూజీసీ 2016, 2022 నిబంధనలు ఎస్సీ, ఎస్టీ, క్రీమీ లేయర్ కాని ఓబీసీ అభ్యర్థులకి 5 శాతం సడలింపు ఇవ్వొచ్చన్నాయి. 'ఇవ్వాలి' అనలేదు, 'ఇవ్వొచ్చు' అన్నాయి. ఆ రెండు మాటల మధ్య ఎంతమంది జీవితాలు ఇరుక్కుంటాయో యూనివర్సిటీ క్లర్కు కిటికీ దగ్గర నిలబడ్డ మనకి తెలుసు. పైగా ఆ 55లో ప్రాక్టికల్స్, ఇంటర్నల్స్, వైవా మార్కులు కలిసి ఉంటాయి. కాగితం మీది జవాబుకి కులం కనపడకపోవచ్చు. వార్డులో ఎదురుగా నిలబడ్డ మనిషికి కనపడుతుంది.

ఇంటర్వ్యూ దగ్గర ఇది ఇంకా స్పష్టం. 2016 నిబంధనల్లో పరీక్షని కేవలం అర్హతకి దించి, ఎంపిక మొత్తం ఇంటర్వ్యూకి వదిలేశారు. విద్యార్థులు పోరాడాక 2018లో పరీక్షకి 70, ఇంటర్వ్యూకి 30 అని మార్చారు. జేఎన్‌యూ స్వయంగా వేసిన అబ్దుల్ నఫే కమిటీ రాత మార్కుల్నీ వైవా మార్కుల్నీ పక్కపక్కన పెట్టి చూసి, వివక్ష ధోరణి ఉందని చెప్పి, వైవాని 30 నుంచి 15కి తగ్గించమంది. నర్సింగు విభాగాల్లో అలాంటి లెక్క బహిరంగంగా పెట్టమని మనం అడగాలి.

యూజీసీ నెట్ సబ్జెక్టుల్లో నర్సింగు లేదు. కాబట్టి జేఆర్ఎఫ్ తెచ్చుకుని, ప్రవేశ పరీక్ష మినహాయింపుతో, ఫెలోషిప్పుతో చేరే దారి మిగతా సబ్జెక్టుల వాళ్ళకి ఉన్నట్టు నర్సుకి లేదు. 2022లో ఎంఫిల్ కూడా ఎత్తేశారు. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన మాలాంటివాళ్ళకి పరిశోధన అంటే ఏంటో తెలిసే మజిలీ అది. సినాప్సిస్ ఎలా రాయాలో ఇంట్లో చెప్పేవాళ్ళు లేనివాళ్ళు ఇప్పుడు నేరుగా ఇంటర్వ్యూలో సినాప్సిస్ పట్టుకుని కూర్చోవాలి.

మతం గడి

అన్నిటికంటే పెద్ద అన్యాయం ఫారంలో మతం గడి దగ్గర ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులైతేనే ఎస్సీలంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవ దళితులు బయటే ఉన్నారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఈ మతం షరతు తీసెయ్యమంది. తియ్యలేదు. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో ఇంకో కమిషన్ వేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1970 నుంచి వీళ్ళు బీసీ-సి, కోటా ఒక్క శాతం.

నర్సింగుకి ఇది ఎలా తగులుతుందో చూడండి. ఎమ్మెస్సీలో కౌన్సిల్ ఇచ్చే 5 శాతం సడలింపు ఎస్సీ, ఎస్టీలకే. తెలుగునాట ఈ వృత్తిని భుజాన మోసినవాళ్ళలో ముందున్న క్రైస్తవ మాల, మాదిగ ఆడపిల్లకి అది వర్తించదు. పీహెచ్.డి.లో ప్రొఫెసరు దగ్గర ఉండగలిగేది గరిష్ఠంగా 8 మంది. ఎనిమిదిలో ఒక్క శాతం ఎంత? సున్నా. అందుకే చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఇంకో పేరు మోస్తూ మనవాళ్ళు బతుకుతున్నారు. దీన్ని మోసం అనేవాళ్ళున్నారు. వాడ మారనప్పుడు, బావి మారనప్పుడు, పిలుపు మారనప్పుడు మతం మారితే కులం పోయిందని చట్టం చెప్పడం ఏమిటో వాళ్ళు ముందు చెప్పాలి.

డాక్టరేటు మనకెందుకు?

పల్లెలో సబ్‌సెంటరుకి దిక్కులేదు, పీహెచ్.డి. గురించి మాట్లాడటం ఏమిటని మన ఉద్యమంలోనే కొందరు అడగొచ్చు. కౌన్సిల్ నిబంధనల్లో ప్రిన్సిపాల్ పదవికి పీహెచ్.డి. ఉంటే మేలన్న మాట ఉంది. కాబట్టి రేపు కాలేజీ నడిపేది, ఇంటర్నల్ మార్కులు వేసేది, సిలబస్ రాసేది, గైడుగా ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునేది డాక్టరేటు ఉన్నవాళ్ళే. గైడు లేకపోతే స్కాలర్ లేదు. ఇవాళ దళిత స్కాలర్లు రాకపోతే రేపు దళిత గైడ్లు ఉండరు. మంత్రసాని విద్య మీద, ఆసుపత్రిలో అంటరానితనం మీద, ఆయాలకీ నర్సులకీ మధ్య కులం మీద పరిశోధన చేస్తానంటే 'ఇది నర్సింగు కాదు' అనే బోర్డులే మిగులుతాయి.

నర్సింగు కౌన్సిల్ స్థానంలో జాతీయ కమిషన్ కోసం 2023లో కొత్త చట్టం చేశారు. నిబంధనలు తిరగరాసే కాలంలో మన మాట వినపడాలి. మార్కుల సడలింపు యూనివర్సిటీ ఇష్టం కాకుండా తప్పనిసరి కావాలి. ఎమ్మెస్సీ సడలింపు బీసీ-సి వాళ్ళకీ రావాలి. ఏఎన్ఎం, జీఎన్ఎం నుంచి వచ్చినవాళ్ళ వార్డు అనుభవానికి ఎంపికలో మార్కులుండాలి. నర్సింగుకి నెట్, ఫెలోషిప్పు కావాలి. విజయవాడ, వరంగల్ హెల్త్ యూనివర్సిటీలు ఇంతవరకు నర్సింగు పీహెచ్.డి.లో చేర్చుకున్నవాళ్ళ వివరాలు కులం వారీగా బయటపెట్టాలి. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణకి దారి తెరిచాక మాల ఎంత, మాదిగ ఎంత, రెల్లి ఎంత, ఆది క్రైస్తవులు ఎంత అనే లెక్క లేకుండా దళితులు అన్న ఒక్క మాటతో సరిపెట్టలేం.

ఈ లెక్కల కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టడానికి లాయరు అక్కర్లేదు. నర్సింగు కాలేజీల్లో ఉన్న మన విద్యార్థులు, టీచర్లు ఎవరి కాలేజీ లెక్క వాళ్ళు తీస్తే ఈ వ్యాసంలో లేని అధ్యాయం అక్కడ మొదలౌతుంది.