పరదేశీయులు దర్శించిన మహానవమి

గంభీరావుపేట శ్రీ సీతారామస్వామి ఆలయంలోని అఖండదీపం కాకతీయ ప్రతాపరుద్రుని కాలం నుండి ఆరక వెలుగుతున్నదని ఈ ప్రాంతీయుల విశ్వాసం. ఆ మహారాజు పాలన 1323లో ముగిసినది. అనగా దీపం వయస్సు సుమారు ఏడు వందల ఏండ్లు. ఇన్నేండ్లుగా ఆ వెలుగులో ఎన్ని శ్రీరామనవములు గడిచినవో! మన పూర్వులు శాసనాలలో దాత పేరును, మాన్యభూమిని, తిథివారాలను శ్రద్ధగా చెక్కించినారు. ఉత్సవం కంటికి ఎట్లుండెడిదో చెప్పుట వారికి అవసరమనిపించలేదు. ఏటేటా చూచెడివారికి వర్ణన ఎందుకు? ఆ పని ఎక్కువగా పరదేశీయుల వంతైనది.

తైమూరు కుమారుడైన షారుఖ్ పంపగా హెరాత్ నుండి వచ్చిన రాయబారి అబ్దుర్ రజాక్ 1443లో విజయనగరం చేరినాడు. అప్పటి ప్రభువు ప్రౌఢదేవరాయలు. మూడు దినములు సాగిన మహానవమి వేడుకలో అలంకరించిన వేయి ఏనుగులను, అంతస్తుల మండపాలను, రత్నఖచిత సింహాసనాన్ని, తెర తొలగగానే ఆట ప్రారంభించిన నర్తకీమణులను చూచి ఆయన పారశీకంలో వ్రాసినాడు. మతం వేరైనా మెచ్చుకోలులో పిసినారితనం చూపలేదు.

పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతమున వచ్చినాడు. ఈయన మరింత నిశితంగా చూచినాడు. కళింగ విజయానంతరం కట్టించిన విజయగృహం, మల్లయుద్ధాలు, బాణసంచా, నగల బరువుకు నడవలేక పరిచారికల ఆసరాతో సాగిన అంతఃపుర స్త్రీలు, ఇవన్నీ ఆయన కలములో ఉన్నవి. చివరి దినమున 250 దున్నలను, 4,500 గొఱ్ఱెలను బలి ఇచ్చిరని లెక్క కూడ వ్రాసినాడు. నేటి మన మనస్సుకు ఆ మాట రుచింపకపోవచ్చును. కాని ఉన్నది ఉన్నట్లు వ్రాసినవాని మీద అలిగి ప్రయోజనం లేదు. తాను చూచినది నిజమో కలయో తెలియలేదని కూడ ఆయనే ఒప్పుకొన్నాడు. పారిస్‌లో లభించిన ఈ వ్రాతప్రతిని డేవిడ్ లోపెష్ 1897లో ప్రకటింపగా, రాబర్ట్ సీవెల్ 1900లో ఆంగ్లంలోనికి తెచ్చినాడు. అంతవరకు మన పండుగ ముచ్చట మనకే తెలియక పరాయి భాషలో పడి ఉన్నది.

హంపీ ఆలయాన్ని గూర్చి పేస్ చెప్పిన ఘట్టం నాకు మిక్కిలి ప్రియమైనది. గర్భాలయ ద్వారపాలకులు అర్చకులను తప్ప అన్యులను పోనీయరట. వారికి ఏదో కొంత ఇచ్చి తాను లోపలికి వెళ్ళితినని దాపరికం లేకుండ వ్రాసినాడు! లోపల ఏ రూపమూ లేని గుండ్రని రాయి ఉన్నదని, దానియందు ప్రజలకు అపారమైన భక్తి అని అన్నాడు. శివలింగమన్న పేరు ఆయనకు తెలియదు. భక్తిని మాత్రం గుర్తుపట్టినాడు. ఆ గది చీకటిదట, సూర్యకాంతి చొరదట, అందుచేత ఎల్లవేళలా దీపాలు వెలుగుచుండునట. ఆయన ఆ దీపాలను చూచిననాటికి, మనవారి నమ్మిక ప్రకారం, గంభీరావుపేట దీపం వెలిగి రెండు శతాబ్దాలు కావచ్చినది.