సామాన్యుల ఇంటి పిల్ల, స్వీడన్ సింహాసనం

స్వీడన్ పార్లమెంటు 1810లో ఊరెబ్రూ పట్టణంలో సమావేశమై దేశానికి కొత్త యువరాజును ఎన్నుకుంది. రాజు 13వ కార్ల్ వృద్ధుడు, ఆయనకు బతికి ఉన్న చట్టబద్ధ సంతానం లేదు. వంశం నిలపడానికి నెపోలియన్ సేనానుల్లో ఒకడైన జాన్ బాప్టిస్ట్ బెర్నడాట్‌ను తెచ్చుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరు 26న చేసిన వారసత్వ చట్టం ఈ కొత్త వంశానికి పెళ్లి నియమాలు కూడా పెట్టింది. రాజు అనుమతి లేనిదే రాజకుమారుడు పెళ్లి చేసుకోకూడదు. పాలక వంశాలకు చెందని ఇంటి పిల్లను చేసుకుంటే తన హక్కూ, పుట్టబోయే పిల్లల హక్కూ పోతాయి.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. బెర్నడాట్ ఫ్రాన్స్‌లోని పో పట్టణంలో ఒక న్యాయవాది కొడుకు, మామూలు సిపాయిగా సైన్యంలో చేరి పైకి వచ్చినవాడు. ఆయన భార్య దెజిరే క్లారీ మార్సెయ్ రేవులో పట్టు వ్యాపారి కూతురు. 1798లో జరిగిన వాళ్ల పెళ్లికి ఈ చట్టం వర్తించి ఉంటే ఆయన హక్కే పోయేది. అయితే నియమం వెనక ఒక లెక్క ఉంది. కొత్తగా గద్దెనెక్కిన వంశాన్ని పాత రాజవంశాలు తమతో సమానంగా చూడాలంటే వాళ్లతో వియ్యమందడమే దారి. అందుకే బెర్నడాట్ కొడుకు ఆస్కర్‌కు 1823లో లాయిష్టెన్‌బర్గ్ రాచకుటుంబం నుంచి జోసఫీన్‌ను వధువుగా తెచ్చారు.

నియమం ఎంత కఠినమైనదో 1888లో తెలిసింది. రెండవ ఆస్కర్ రాజు రెండో కొడుకు, ఆయన పేరూ ఆస్కరే, రాణివాసంలో పరిచారికగా ఉన్న ఎబ్బా ముంక్‌ను ప్రేమించాడు. ఆమె పేదింటి పిల్ల కాదు, కులీన వంశస్థురాలు. చట్టం దృష్టిలో మాత్రం కులీనుడైనా ప్రజల్లో ఒకడే. వాళ్లు ఇంగ్లండ్‌లోని బోర్న్‌మత్‌లో పెళ్లి చేసుకున్నారు, ఆస్కర్ వారసత్వం వదులుకున్నాడు. అప్పట్లో సింహాసనానికి ఇతర వారసులు ఉండటంతో రాజ్యానికి ఇబ్బంది రాలేదు.

ఇబ్బంది తరవాతి తరాల్లో వచ్చింది. అయిదవ గుస్టాఫ్ రాజు మనుమడు లెన్నార్ట్ 1932లో కారిన్ నిస్వాంట్ అనే వ్యాపారి కూతురిని లండన్‌లో పెళ్లాడి హక్కు పోగొట్టుకున్నాడు. జర్మనీలో కాన్‌స్టెన్స్ సరస్సులో ఉన్న మైనావు దీవిని ఆయన పూలతోటగా తీర్చిదిద్దాడు. మరో మనుమడు సిగ్వార్డ్ 1934లో ఎరికా పాట్జెక్ అనే జర్మన్ యువతిని చేసుకుని బిరుదు కోల్పోయాడు. వెండి సామాను నుంచి వంటింటి గిన్నెల దాకా నిత్యావసర వస్తువుల రూపకల్పనలో తరవాత ఆయన గొప్ప పేరు తెచ్చుకున్నాడు. సిగ్వార్డ్ చిన్న తమ్ముడు కార్ల్ యోహాన్ 1946 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో పత్రికా రచయిత్రి షెర్స్టిన్ విక్‌మార్క్‌ను పెళ్లాడాడు. ఆమె స్వీడన్ పత్రికల్లో పనిచేసి తన జీతం మీద బతికిన స్త్రీ. ఆ పెళ్లితో ఆయన రాజకుమారుడి హోదా పోయింది.

అలా వారసుల వరస పలచబడుతున్న సమయంలో పెద్ద దెబ్బ తగిలింది. 1947 జనవరి 26న కోపెన్‌హాగన్ విమానాశ్రయంలో విమానం కూలి, ఈ అన్నదమ్ముల్లో పెద్దవాడైన గుస్టాఫ్ అడాల్ఫ్ చనిపోయాడు. ఆయన కొడుకు కార్ల్ గుస్టాఫ్‌కు అప్పటికి తొమ్మిది నెలలు కూడా నిండలేదు. గద్దె మీద ఉన్న ముత్తాత వయసు 88, ఆయన తరవాత రాజు కావలసిన తాత వయసు 64. పిల్లవాడు పెద్దవాడు కాకముందే తాత పోతే రాజ్యభారం మోయడానికి అన్నదమ్ముల్లో హక్కు పోగొట్టుకోనివాడు ఒక్కడే మిగిలాడు. ఆయనే బెర్టిల్.

బెర్టిల్ అప్పటికే ప్రేమలో ఉన్నాడు. యుద్ధకాలంలో నౌకాదళ అధికారిగా లండన్‌లోని స్వీడన్ రాయబార కార్యాలయంలో పనిచేస్తుండగా 1943లో లిలియన్ క్రెయిగ్ పరిచయమైంది. ఆమె 1915లో వేల్స్‌లోని స్వాన్సీలో మామూలు కుటుంబంలో పుట్టింది. చిన్న వయసులోనే లండన్ చేరి మోడల్‌గా పనిచేసింది. యుద్ధం వచ్చాక నౌకల కోసం రేడియోలు తయారుచేసే ఫ్యాక్టరీలో, గాయపడిన సైనికుల ఆసుపత్రిలో పనిచేసింది. ఆమెకు అప్పటికే పెళ్లయింది. భర్త నటుడు, యుద్ధానికి వెళ్లాడు. 1947లో వాళ్లు విడాకులు తీసుకున్నారు. ఆమెకు విడాకులు వచ్చిన ఏడాదే బెర్టిల్ భుజాన రాజ్యం బాధ్యత పడింది. పెళ్లి చేసుకుంటే అన్నదమ్ములలాగే హక్కు పోతుంది, అప్పుడు పసివాడి పక్షాన నిలబడేవాడు ఉండడు. ఆయన పెళ్లి చేసుకోలేదు, ఆమెను వదులుకోనూ లేదు.

తరవాతి మూడు దశాబ్దాలు వాళ్లు స్టాక్‌హోమ్‌లోని విల్లాలోనూ, ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని సాంత్ మాక్సిమ్ ఇంట్లోనూ కలిసి బతికారు. దర్బారు విందుల్లో, అధికారిక వేడుకల్లో ఆమెకు చోటు లేదు. బెర్టిల్ ఒంటరిగా వెళ్లేవాడు, ఆమె ఇంట్లో ఉండేది. పిల్లలు లేరు. ఈ ప్రేమకథను త్యాగగాథగా చెప్పేటప్పుడు రాజకుమారుడి త్యాగమే ముందు వినిపిస్తుంది. భార్య అనిపించుకునే హక్కు లేకుండా, పరదేశంలో, తన పేరు బయటికి రాకుండా దాదాపు 30 ఏళ్లు గడిపిన ఆ శ్రామిక యువతి చేసినదే ఎక్కువ. దేశం అడిగింది బెర్టిల్‌ను, వెల చెల్లించింది ఇద్దరూ. 1972లో బెర్టిల్ తండ్రి, రాజు ఆరవ గుస్టాఫ్ అడాల్ఫ్ 90వ పుట్టినరోజు వేడుకకు ఆమెను అధికారికంగా ఆహ్వానించారు.

అదే ఏడాది మ్యూనిక్ ఒలింపిక్స్‌లో కథ మలుపు తిరిగింది. అతిథుల బాధ్యత చూస్తున్న సిల్వియా సొమెర్లాత్‌ను యువరాజు కార్ల్ గుస్టాఫ్ చూశాడు. ఆమె దుబాసీ శిక్షణ పొందిన ఉద్యోగిని, తండ్రి జర్మన్, తల్లి బ్రెజిల్ దేశస్థురాలు. మరుసటి ఏడాది సెప్టెంబరులో తాత చనిపోగా ఆయన రాజయ్యాడు. యువరాజుగా ఉండగా ఆమెను చేసుకుంటే సింహాసనం దక్కేది కాదు. రాజకుమారులను కట్టడి చేసిన చట్టం, గద్దెనెక్కిన రాజును మాత్రం కట్టడి చేయలేదు. 1976 జూన్ 19న స్టాక్‌హోమ్ ప్రధాన చర్చిలో వాళ్ల పెళ్లి జరిగింది. ముందు రోజు రాత్రి సంగీత కార్యక్రమంలో ఆబ్బా బృందం పాడింది.

కొత్త రాజు చేసిన మంచి పనుల్లో ఒకటి పినతండ్రి పెళ్లికి అనుమతి ఇవ్వడం. 1976 డిసెంబరు 7న డ్రోట్నింగ్‌హోమ్ కోట ప్రార్థనాలయంలో బెర్టిల్, లిలియన్ ఒక్కటయ్యారు. వరుడికి 64 ఏళ్లు, వధువుకు 61. ఆమె రాజకుమారి, హాలాండ్ డచెస్ అయింది. 1997లో భర్త పోయాక కూడా ఆమె చాలా ఏళ్లు రాచకార్యాలు నిర్వహించి, 2013 మార్చి 10న 97 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

1980 జనవరి 1న అమల్లోకి వచ్చిన సవరణ మొదటి సంతానం ఆడపిల్లయినా వారసురాలేనని తేల్చింది. పెళ్లికి ప్రభుత్వ అనుమతి ఇప్పటికీ కావాలి, వధూవరుల పుట్టుక మాత్రం ఇప్పుడు అడ్డం కాదు. యువరాణి విక్టోరియా 2010లో జిమ్ నడిపే డేనియల్ వెస్ట్‌లింగ్‌ను, ఆమె తమ్ముడు కార్ల్ ఫిలిప్ 2015లో మోడల్‌గా, హోటల్లో వడ్డించే పనిలో ఉండి వచ్చిన సోఫియాను పెళ్లాడారు. వాళ్లెవరూ ఏమీ కోల్పోలేదు.

పాత చట్టం కింద నష్టపోయినవాళ్లకు మాత్రం ఈ మార్పు న్యాయం చేయలేదు. సిగ్వార్డ్ తన రాజకుమార బిరుదు కోసం ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లి, అది దక్కకుండానే 2002లో మరణించాడు. కార్ల్ యోహాన్ 2012లో 95 ఏళ్ల వయసులో అలాగే పోయాడు. అన్నదమ్ములు బతికి ఉండగానే కొత్త నియమం వచ్చింది, వాళ్ల హోదా వాళ్లకు తిరిగి ఇవ్వవలసింది.